మాట మొదట్లో బహువచనం: బుకూసు నామ తరగతులు

తెలుగులో ఒక నామం ఏకవచనమో బహువచనమో తేల్చుకోవాలంటే మాట చివర చూస్తాం. చెట్టు చెట్లవుతుంది, పుస్తకం పుస్తకాలవుతుంది, ఊరు ఊళ్ళవుతుంది. చివర ఎన్ని ద్విత్వాలు పుట్టినా, ఎన్ని అక్షరాలు లోపించినా, మార్పంతా ఆ కొస దగ్గరే జరుగుతుంది. కెన్యా పశ్చిమభాగంలో ఎల్గన్ పర్వతం దిగువన, బుంగోమా ప్రాంతంలో పది లక్షలకు పైగా జనం మాట్లాడే బుకూసు భాషలో మాట చివర కదలదు, మొదలు మారుతుంది. మనిషి అంటే ఓముందు, మనుషులు అంటే బబాందు. చెట్టు అంటే కుముసాలా, చెట్లు అంటే కిమిసాలా. కుక్క ఎంబ్వా, కుక్కలు చింబ్వా. ఆవు ఎఖాఫు, ఆవులు చిఖాఫు. ఇక్కడ ఖకారాన్ని మన ఖడ్గంలోని ఖకారంలాగా కాకుండా, ఉర్దూ తెలిసినవారు ఖాన్ అని గొంతు రాపిడితో పలికినట్లు పలకాలి.

మా పెద్దమ్మ కొడుకు ఉద్యోగరీత్యా బుంగోమాలో ఉంటున్నాడు. కావలిలో డిగ్రీ పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పే నాకు ఈ భాష మీద ఆసక్తి ఆయన మాటలవల్లే కలిగింది. ఆ తరువాత 1975లో కేస్ ద బ్లోయిస్ బుకూసు ధ్వనుల మీద రాసిన గ్రంథం గురించి, 2000లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో నసియోంబె ముతోన్యీ సమర్పించిన సిద్ధాంత వ్యాసం గురించి తెలుసుకున్నాను. వాటి సారాన్ని ఇక్కడ అప్పజెప్పడం నా ఉద్దేశం కాదు. బుకూసులో ఏకవచనం, బహువచనం అనే విషయాన్ని తెలుగువాడు ఎటువైపునుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుందో, అలా చూడడంవల్ల మన వ్యాకరణంలోనే మనం గమనించకుండా వదిలేసినవి ఏవేవి బయటపడతాయో చెప్పడమే నా పని.

ఆఫ్రికా ఖండపు దక్షిణార్ధంలో వ్యాపించిన బాంటు భాషా కుటుంబానికి చెందినది బుకూసు. ఆ కుటుంబానికి ఆ పేరు కూడా మనుషులు అనే మాటనుంచే వచ్చింది. జులూలో అబాంతు, స్వాహిలీలో వాతు, బుకూసులో బబాందు అన్నీ ఒకే మూలంనుంచి పుట్టినవి. పంతొమ్మిదో శతాబ్దంలో విల్‌హెల్మ్ బ్లీక్, ఆయన తరువాత కార్ల్ మైన్‌హోఫ్ ఈ భాషల నామాలను తరగతులుగా విడగొట్టి వాటికి అంకెలు వేశారు. మనుషుల ఏకవచనం 1వ తరగతి, బహువచనం 2వ తరగతి. చెట్ల ఏకవచనం 3, బహువచనం 4. ఇలా 10 వరకు బేసి సంఖ్యలు ఏకవచనాలకు, సరి సంఖ్యలు బహువచనాలకు దక్కాయి. బుకూసులో 1-2 జంటకు ఓము-, బబ-. 3-4 జంటకు కుము-, కిమి-. 5-6 జంటకు లి-, కమ-. 7-8 జంటకు సి-, బి-. 9-10 జంటకు ఎ-, చి- అనేవి మాట మొదట చేరే రూపాలు. బత్తాయి జాతికి చెందిన నారింజపండు లిచుంగ్వా అయితే, నారింజలు కమచుంగ్వా. పుస్తకం సితాబు, పుస్తకాలు బితాబు.

ఈ ఉపసర్గల్లో కొన్నింటిని చూడగానే ఒకే ధ్వని రెండుసార్లు వినబడుతున్నట్లు అనిపిస్తుంది. నిజానికి అక్కడ రెండు ముక్కలున్నాయి. కుము- అంటే కు, ము. కిమి- అంటే కి, మి. కమ- అంటే క, మ. బబ- అంటే బ, బ. అసలు ఉపసర్గకు ముందు మరొక చిన్న ఉపసర్గ చేరిందన్నమాట. బుకూసు కూడా చేరిన లూయియా గుంపులోని ఇరుగుపొరుగు మాండలికాలు చాలావాటిలో ఈ ముందు ముక్క ఒట్టి అచ్చుగానే మిగిలింది. బుకూసు మాత్రం దాని హల్లును కూడా కాపాడుకుంది. అందువల్ల తరగతి ఏదో తెలుసుకోవడానికి ఈ భాషలో చెవికి అందే ఆనవాళ్ళు ఎక్కువ.

ఇంతవరకు చదివినవారికి ఇది బహువచన ప్రత్యయం వెనకనుంచి ముందుకు మారడమేగా అనిపించవచ్చు. అలా అనుకుంటే లోపలికి వెళ్ళేకొద్దీ లెక్క తప్పుతుంది. తెలుగులో ఏకవచనానికి ప్రత్యేకమైన గుర్తు లేని మాటలే ఎక్కువ. ఉన్న మాటకు -లు చేర్చి బహువచనం చేస్తాం. బుకూసులో ఉపసర్గ లేని ఒట్టి మాటకు ఉనికి అరుదు. సాలా అంటే చెట్టు కాదు, చెట్లూ కాదు. అది కుము- తో కలిస్తే ఒక తరగతిలోకీ కిమి- తో కలిస్తే మరొక తరగతిలోకీ వెళ్తుంది. కాబట్టి ఏకవచనంనుంచి బహువచనం పుట్టిందనడం కన్నా, ఒకే ధాతువు రెండు తరగతుల్లో కాపురం ఉంటోందనడం సరైనది.

ఈ మాటకు బలమైన సాక్ష్యం 11వ తరగతి. దాని ఉపసర్గ లు-. నాలుకను లులిమి అంటారు. బుకూసు భాషకు ఆ ప్రజలు పెట్టుకున్న పేరు లుబుకూసు కూడా ఈ తరగతిదే. లు- తరగతికి సొంత బహువచనమంటూ ఒకటి లేదు. కుక్కలు, ఆవులు వెళ్ళిన చి- తరగతికే నాలుకలు కూడా వెళ్తాయి. ఏకవచనంలో వేరు వేరు ఇళ్ళలో ఉన్న మాటలు బహువచనంలో ఒకే గడప తొక్కుతాయి. చిన్నదనాన్ని సూచించే ఖ- తరగతి దీనికన్నా విచిత్రమైనది. చిన్న వస్తువుల బహువచనం బు- తరగతిలోకి వెళ్తుంది. ఆ బు- తరగతిలోనే భావనామాలు కూడా ఉంటాయి. రోజూ తినే జొన్నసంకటివంటి పదార్థం బుసుమా కూడా అక్కడే ఉంటుంది. అంటే ఒకే ఉపసర్గ ఒకచోట చాలా చిన్నవాటినీ, ఇంకొకచోట లెక్కించడానికి వీలులేని ఒక ముద్దనూ చూపిస్తోంది. బు- ఏకవచనమా, బహువచనమా అని అడిగితే ఆ ప్రశ్నకు జవాబు లేదు. అది 14వ తరగతి, అంతే.

నాకు అన్నింటికన్నా ఎక్కువ నచ్చినది కమ- తరగతి. నారింజలకు బహువచనం ఇచ్చిన ఈ 6వ తరగతిలోనే ద్రవాలున్నాయి. నీళ్ళు కమేచి, పాలు కమబేలే, ఇళ్ళలో కాచుకునే సంప్రదాయ మద్యం కమల్వా. వీటికి ఏకవచనం ఉండదు. ఇంగ్లీషు వ్యాకరణం చదువుకుని బుకూసుకు వచ్చినవారు ఇక్కడ ఆగి, ద్రవాలకు బహువచనమేమిటని ఆశ్చర్యపోతారు. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడికి ఆశ్చర్యపడే హక్కు లేదు. మనకు నీళ్ళు వస్తాయి, పాలు పొంగుతాయి. మా వైపు మాటలో చెప్పాలంటే కాలవలో నీళ్ళు వస్తా ఉండాయి. ఒక్క నీరు, ఒక్క పాలు అనే లెక్క మన నోట రాదు; నీరు అనే మాట ఉన్నా అది పుస్తకాల్లోనో, సామెతల్లోనో, కొబ్బరినీరు వంటి సమాసాల్లోనో కనబడుతుంది. అయితే మనం ద్రవాలన్నింటినీ ఒకే వరుసలో నిలబెట్టలేదు. పాలు కాగాయి అంటాం గానీ, నూనె కాగింది, నెయ్యి కరిగింది, మజ్జిగ పులిసింది అంటాం. కల్లు చివర లు వినబడుతుంది గానీ కల్లు పులిసింది అనే అంటాం. ఈ విషయంలో బుకూసు మనకన్నా క్రమబద్ధమైనదని ఒప్పుకోవాలి.

వరి విషయానికి వస్తే మనమే ఒక మెట్టు పైన ఉన్నాం. వడ్లు ఎప్పుడూ బహువచనమే. నెల్లూరుకు పేరు తెచ్చిన మొలగొలుకులు కూడా అంతే. ఎకరంలో పండినవి మొలగొలుకులే గానీ మొలగొలుకు అని ఏ రైతూ అనడు. బియ్యం సంగతి ఇంకా చిత్రమైనది. మాట చివర -లు లేదు. పుస్తకం, గుర్రం వంటి మాటల పక్కన కూర్చోబెట్టదగ్గ రూపమే. అయినా బియ్యం అయిపోయాయి, బియ్యం ఉడికాయి అంటాం. ఉడికిన తరువాత అదే పదార్థం అన్నమై ఏకవచనంలోకి వచ్చి, అన్నం ఉడికింది అనిపించుకుంటుంది. మరోవైపు కోడలు చివర -లు ఉన్నా ఆమె ఒక్కతే, ఇద్దరుంటే కోడళ్ళు. ఒంగోలు చివర -లు ఉన్నా, బస్సు ఊళ్ళోకి రాగానే ఒంగోలు వచ్చింది అంటామే తప్ప వచ్చాయి అనం. కాబట్టి తెలుగులో కూడా నామం ఏ తరగతిదో దాని రూపం ఎప్పుడూ నిజం చెప్పదు. నిజం చెప్పేది క్రియ. బాంటు భాషల పండితులు ఏ సూత్రంతో తరగతులను గుర్తిస్తారో అదే ఇది: ఒక మాట ఏ తరగతిదో తెలియాలంటే దానితో కలిసి వచ్చే మాటలు ఎలా మారుతున్నాయో చూడాలి.

బుకూసులో అలా మారేవి చాలా ఉన్నాయి. విశేషణం మారుతుంది, సంఖ్య మారుతుంది, క్రియ మారుతుంది. పొడవైన మనిషి ఓముందు ఓములేయి అయితే, పొడవైన చెట్టు కుముసాలా కుములేయి, పొడవైన చెట్లు కిమిసాలా కిమిలేయి. వాక్యం మొత్తం ఒకే ప్రాసతో నడుస్తున్నట్లుంటుంది. మన విశేషణాలు ఈ బాదరబందీనుంచి తప్పించుకున్నాయి. పొడుగు మనిషి, పొడుగు చెట్లు అంటే సరిపోతుంది. సంఖ్యల దగ్గర మాత్రం మనం బుకూసువారికి చుట్టాలమే. ఇద్దరు మనుషులు బబాందు బబిలి, రెండు చెట్లు కిమిసాలా కిబిలి, రెండు నారింజలు కమచుంగ్వా కబిలి, రెండు పుస్తకాలు బితాబు బిబిలి. రెండు అనే సంఖ్య తాను లెక్కించే వస్తువు తరగతిని తలమీద పెట్టుకుని వస్తోంది. ఇద్దరు మనుషులు, రెండు చెట్లు అన్నప్పుడు మనం చేసేదీ అదే. ముగ్గురు అక్కచెల్లెళ్ళు, మూడు గేదెలు అంటాం. మూడు అక్కచెల్లెళ్ళు అంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. ఏ వస్తువునూ తలచుకోకుండా ఊరికే అంకెలు లెక్కపెట్టేటప్పుడు మనం ఒకటి, రెండు, మూడు అని అమహత్తు రూపాలనే, అంటే మనుషులు కానివాటికి వాడే రూపాలనే ఎంచుకుంటాం. బుకూసువారు చిబిలి, చితారు అని చి- తరగతి రూపాలను, అంటే కుక్కలు, ఆవులు ఉన్న తరగతి రూపాలను ఎంచుకుంటారు. రెండు భాషల మధ్య ఏ చుట్టరికమూ లేకపోయినా, లెక్కపెట్టేటప్పుడు మనుషులను పక్కన పెట్టడంలో ఇద్దరికీ పోలిక కుదిరింది.

మహత్తు, అమహత్తు అనే విభాగం మన వ్యాకరణాల్లో పాతది. తెలుగులోనే రాసిన తొలి తెలుగు వ్యాకరణం ఆంధ్ర భాషాభూషణం కర్త మూలఘటిక కేతన, నెల్లూరులో మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కనకు తన దశకుమారచరిత్రను అంకితమిచ్చినవాడు. మన భాషను ఆధునిక భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1928లో పుట్టింది ఒంగోలులో. ఈ రెండు జిల్లాలవాళ్ళకు వ్యాకరణం పరాయి సరుకు కాదు. అయినా మహదమహద్విభాగం గురించి పాఠశాలలో చెప్పేటప్పుడు దాన్ని లింగం కింద చెప్పి, వచనాన్ని వేరే పాఠంగా చెప్తాం. ఆ రెండింటినీ విడదీయడం తెలుగులో కుదరదని నా అభిప్రాయం. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అన్నప్పుడు స్త్రీ, ఆవు ఒకే తరగతి. వాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి అనగానే స్త్రీలు పురుషుల తరగతిలోకి మారిపోయారు. స్త్రీ అనే మాట ఏకవచనంలో ఒక తరగతి, బహువచనంలో ఇంకొకటి. ఇది బుకూసు లు- తరగతి చి- తరగతిలోకి వెళ్ళడానికి అచ్చమైన ప్రతిరూపం. వచనం మారితే తరగతి మారుతుంది. లింగాన్నీ వచనాన్నీ కలిపి ఒకే పట్టికగా రాస్తే మన పిల్లలకు కూడా క్రియారూపాలు త్వరగా అర్థమవుతాయి.

ఆడ, మగ తేడా విషయంలో మాత్రం రెండు భాషల దారులు వేరు. బుకూసు తరగతుల్లో ఆ తేడాకు చోటు లేదు. పురుషుడైనా స్త్రీ అయినా 1వ తరగతే. క్రియ ముందు ఒకే అ- చేరుతుంది. వచ్చాడా, వచ్చిందా అనే మీమాంస వాళ్ళకు ఉండదు. అయితే తరగతులు వదిలేసిన ఈ పనిని మనుషుల పేర్లు అందుకున్నాయి. పంట కోతల కాలంలో పుట్టిన మగపిల్లవాడు వెకేసా, ఆడపిల్ల నెకేసా. వానల్లో పుడితే వఫులా, నఫులా. కరవులో పుడితే వంజాలా, నంజాలా. 2003లో కెన్యా ఉపాధ్యక్షుడిగా ఉన్న మైకేల్ కిజానా వమల్వా పేరులో పైన చెప్పిన కమల్వా కనబడుతుంది.

అర్థాన్ని బట్టి తరగతులను కంఠస్థం చేద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. 1-2 జంట మనుషులదని, 9-10 జంటలో జంతువులు ఎక్కువని చెప్పుకోవచ్చు. 3-4 జంట చెట్లదని చాలా పుస్తకాల్లో రాస్తారు గానీ, శరీరం, చెయ్యి కూడా కుము- తోనే మొదలవుతాయి. ఎందుకని వెతకడం మొదలుపెడితే కథలు అల్లవలసి వస్తుంది. మనవాళ్ళు సూర్యుడు ఉదయించాడు, చంద్రుడు ఉదయించాడు అంటూనే నక్షత్రం ఉదయించింది అంటారు. అందులో ఖగోళశాస్త్రం వెతికితే దొరకదు.

బయటినుంచి వచ్చిన మాటలను ఏ తరగతిలో పెట్టారో చూస్తే ఈ వ్యవస్థ ఇంకా సజీవంగా ఉందని తెలుస్తుంది. పైన సితాబు అన్న మాట అరబీ కితాబ్‌నుంచి స్వాహిలీ ద్వారా వచ్చింది. అరబీలో కి ఆ మాటలో విడదీయరాని భాగం. స్వాహిలీలో 7వ తరగతి ఉపసర్గ కి- కావడంవల్ల, వినేవారు దాన్ని ఉపసర్గగానే లెక్కవేసి, వితాబు అని బహువచనం చేశారు. బుకూసులో 7వ తరగతికి సి- కాబట్టి అది సితాబు, బితాబు అయింది. అరబీ మాటలోని మొదటి అక్షరం రెండు మజిలీల్లో పూర్తిగా ఊడిపోయింది. మనం పరాయి మాటలకు చివర ఒక అచ్చు తగిలించి బస్సు, రోడ్డు అని మన గుంపులో కలుపుకుంటాం, ఆ పైన బస్సులు, రోడ్లు అంటాం. వాళ్ళు ఆ పనినంతా మాట మొదట్లో చేస్తారు.

తరగతి ప్రభావం నామాలు, క్రియలతో ఆగదు. ఎవరైనా చెప్పిన మాటను తిరిగి చెప్పేటప్పుడు మనం ‘అని’ అనే మాట వాడతాం. రాముడు వస్తానని చెప్పాడు, వాళ్ళు వస్తామని చెప్పారు. చెప్పినవారు ఎవరైనా ఆ ‘అని’ మారదు. బుకూసులో ఆ స్థానంలో వచ్చే మాట కూడా చెప్పినవారి తరగతిని బట్టి మారుతుంది. చెప్పింది ఒక్కరైతే అలి, పలువురైతే బలి. ప్రపంచ భాషల్లో ఇలాంటిది అరుదు కావడంవల్ల, ఈ పదిహేను ఇరవై ఏళ్ళలో వాక్యనిర్మాణం మీద పనిచేసేవారి దృష్టి బుకూసు మీద పడింది.

స్థలాన్ని చెప్పే మాటలకు కూడా తరగతులున్నాయి. మనకు లో, మీద అనేవి విభక్తులో విభక్త్యర్థకాలో. నామం తరవాత వస్తాయి, క్రియతో వాటికి పేచీ లేదు. బుకూసులో లోపల అనే అర్థమిచ్చే ము- ఒక తరగతి. చెట్టు పడింది అనాలంటే కుముసాలా క్వాక్వా. క్రియ మొదట్లో ఉన్న క్వా చెట్టు తరగతికి చెందిన కు- వల్ల వచ్చింది. అదే వాక్యాన్ని అడవితో మొదలుపెట్టి అడవిలో చెట్టు పడింది అనాలంటే ముముసీరు మ్వాక్వామో కుముసాలా అనవచ్చు. ఇక్కడ పడినది చెట్టే అయినా క్రియ మొదట్లో మ్వా, చివర మో వచ్చి కూర్చున్నాయి. రెండూ అడవిలో అనే స్థలానికి అనుగుణంగా వచ్చినవే. తెలుగులో అడవిలో అనే మాటకు క్రియను తనవైపు తిప్పుకునే అధికారం ఎన్నడూ లేదు.

నిఘంటువు తయారుచేసేవారికి ఇదంతా ఒక తలనొప్పి. చెట్టు అనే మాటను కు కింద వేయాలా, సా కింద వేయాలా? ఉపసర్గతో వేస్తే కుము- తో మొదలయ్యే మాటలన్నీ ఒకేచోట గుట్టగా పడతాయి, దాని బహువచనం వేరే పుటలో ఉంటుంది. ధాతువుతో వేస్తే మాటను విడదీయడం తెలిసినవాడికే అది దొరుకుతుంది, కొత్తగా నేర్చుకునేవాడికి కాదు. బాంటు నిఘంటువుల్లో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. నేర్చుకునేవాడికి మాత్రం నేను చెప్పగలిగినది ఒకటే: ఏ నామాన్నీ ఒంటరిగా రాసుకోవద్దు. కుముసాలా పక్కన కిమిసాలా, దానికి ఒక సంఖ్య, ఒక విశేషణం కలిపి రాసుకోవాలి. కమేచి, కమబేలే వంటివాటికి మాత్రం పక్క గడి ఖాళీగా వదిలేయాలి.